వంపు వెనుక నియమాన్ని వెదికిన మేధావి ఇబ్న్ అల్ హైసమ్

తలుపు తట్టిన చప్పుడు వినపడగానే ఇంట్లోవాళ్లు ముందుగా చేసే పని, తలుపుకు బిగించిన చిన్న గాజు కన్నులోంచి బయటికి చూడటం. వేలి గోరంత ఆ గాజులో వరండా మొత్తం కనిపిస్తుంది. వచ్చింది మామూ అయినా సరే, ముక్కు గుమ్మడికాయంత, కాళ్లు అగ్గిపుల్లలంత కనిపిస్తాయి. పిల్లలు నవ్వుకుంటారు. పెద్దలు మాత్రం ఆ రూపం చూసి మోసపోరు. మామూనే అని గుర్తుపట్టి తలుపు తీస్తారు. గాజు వంచి చూపిస్తోందని వారికి తెలుసు. ఎంత వంచుతుందో కూడా అలవాటు మీద తెలుసు.

ఫొటోగ్రాఫర్లు వాడే ఫిష్‌ఐ లెన్సు ఈ గాజు కన్నుకు అన్నలాంటిది. చేప కన్నులా ముందుకు ఉబికి ఉండే ఈ కటకం దాదాపు 180 డిగ్రీల దృశ్యాన్ని, అంటే తన ముందున్న సగం ప్రపంచాన్ని, ఒక్క బొమ్మలో ఇముడ్చుకుంటుంది. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె స్టూడియోల్లో పనిచేసే కుర్రవాళ్లలో చాలామందికి దీని మీద మోజు ఉంటుంది. కొన్నాళ్లు ముచ్చటగా వాడి, అన్ని బొమ్మలూ ఒకేలా వంకరగా వస్తున్నాయని విసుగెత్తి పెట్టెలో పడేసేవారూ ఉంటారు. తప్పు కటకానిది కాదు. వంపుకు ఒక నియమం ఉంది. ఆ నియమం తెలిసినవాడికి ఇది పనిముట్టు, తెలియనివాడికి ఆటబొమ్మ.

చూపు ఎందుకు వంగుతుంది, కన్ను ఎప్పుడు పొరబడుతుంది అనే ప్రశ్నలను వెయ్యేళ్ల క్రితమే పట్టుదలగా వెంటాడిన ఒక ముస్లిం శాస్త్రవేత్త ఉన్నారు. ఆయనే అబూ అలీ అల్ హసన్ ఇబ్న్ అల్ హైసమ్. ఐరోపా వారు ఆయనను అల్‌హాజన్ అని పిలిచారు. ఆయన ఫిష్‌ఐ లెన్సును తయారు చేయలేదు. ఈనాటి కెమెరాను చూడలేదు. కానీ ఆ లెన్సును సరిగ్గా వాడుకోవడానికి ఏ బుద్ధి కావాలో ఆ బుద్ధిని ఆయన జీవితం నేర్పుతుంది.

బస్రా నుంచి కైరోకు

ఇబ్న్ అల్ హైసమ్ క్రీ.శ. 965 ప్రాంతంలో ఇరాక్‌లోని బస్రా నగరంలో జన్మించారు. హిజ్రీ లెక్కలో అది 354. యూక్లిడ్ రేఖాగణితం, టాలెమీ ఖగోళశాస్త్రం, గాలెన్ వైద్యం వంటి గ్రీకు గ్రంథాలు అప్పటికే అరబీలోకి వచ్చేశాయి. బాగ్దాద్‌లో, బస్రాలో పండితులు వాటిని చదివి ఊరుకోక, తప్పొప్పులు వెదికేవారు. ఆ వాతావరణంలో పెరిగిన ఇబ్న్ అల్ హైసమ్‌కు గణితం మీద, యంత్రనిర్మాణం మీద గట్టి పట్టు చిక్కింది. పేరు దేశాలు దాటింది.

ఆ రోజుల్లో ఈజిప్టును ఫాతిమీ వంశపు ఖలీఫా అల్ హాకిమ్ పాలిస్తున్నారు. నైలు నది ఒక ఏడు పొంగి ఊళ్లను ముంచేది, మరో ఏడు వట్టిపోయి పొలాలను ఎండగట్టేది. తాను ఈజిప్టులో ఉంటే నైలు నీటిని అదుపు చేసి, వరద వచ్చినా కరువు వచ్చినా జనానికి మేలు జరిగేలా చేయగలనని ఇబ్న్ అల్ హైసమ్ అన్నట్టు ఖలీఫా చెవిన పడింది. రాయలసీమలో చెరువు నిండే ఏడు, ఎండే ఏడు చూసినవారికి ఆ మాట విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఖలీఫా ఆయనను పిలిపించుకున్నారు. స్వయంగా కైరో నగరం వెలుపలికి వచ్చి ఎదుర్కొని, గౌరవించి, పని అప్పగించారని చరిత్రకారుడు ఇబ్న్ అల్ ఖిఫ్తీ రాశారు.

ఇబ్న్ అల్ హైసమ్ పనివాళ్లను వెంటబెట్టుకుని నది వెంట దక్షిణానికి ప్రయాణించారు. దారి పొడవునా ప్రాచీన ఈజిప్టు వారి కట్టడాలు కనిపించాయి. ఆ రాళ్ల కొలతలు, వాటి పొందిక, ఆ పనితనం చూసేసరికి ఆయనలో అనుమానం మొదలైంది. ఇంత గణితం తెలిసినవారు, ఇంత బలగం ఉన్నవారు, తాను అనుకున్న పని సాధ్యమయ్యేదే అయితే ఎప్పుడో చేసి ఉండేవారు కదా అనిపించింది. అస్వాన్ దగ్గర, నీళ్లు ఎత్తు నుంచి దిగే చోటికి చేరుకుని నదిని అన్ని వైపుల నుంచీ పరీక్షించారు. బస్రాలో కూర్చుని వేసిన లెక్క ఇక్కడి రాతికి, నీటికి సరిపోలేదు.

మరొకరైతే ఖలీఫా కోపానికి భయపడి ఏదో ఒక గోడ లేపి చేతులు దులుపుకునేవారేమో. ఇబ్న్ అల్ హైసమ్ వెనక్కి వచ్చి తన అంచనా తప్పని ఒప్పుకున్నారు. దూరం నుంచి చూసి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఆయన తన పరువు పణంగా పెట్టి తెలుసుకున్నారు. అస్వాన్ దగ్గర నైలును పూర్తిగా అదుపు చేసిన పెద్ద ఆనకట్ట పూర్తయింది 1970లో. అంటే ఆయన ఎంచుకున్న ప్రాంతం సరైనదే. ఆ కాలపు పనిముట్లకే అది అలవి కాలేదు.

నిర్బంధంలో పదేళ్లు

ఖలీఫా ఆయనను శిక్షించలేదు. ఒక కార్యాలయంలో ఉద్యోగం ఇచ్చారు. కానీ అల్ హాకిమ్ మనసు ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. చిన్న కారణానికే పెద్ద పెద్ద అధికారుల తలలు తెగుతున్న కాలమది. ఇబ్న్ అల్ హైసమ్‌కు ప్రాణభయం పట్టుకుంది. ఉద్యోగం వదిలేస్తే తప్పు, చేస్తే ముప్పు. చివరికి మతి తప్పినట్టు నటించారట. ఆయన ఆస్తిని ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, సంరక్షకులను పెట్టి, ఆయనను ఇంటికే పరిమితం చేసిందని అదే చరిత్రకారుడు చెబుతారు. 1021లో ఒక రాత్రి అల్ హాకిమ్ కైరో పక్కనున్న ముఖత్తమ్ కొండల వైపు వెళ్లి మళ్లీ కనిపించలేదు. ఆ తర్వాతే ఇబ్న్ అల్ హైసమ్ మామూలు మనిషిగా బయటికి వచ్చారు.

ఆయన ప్రసిద్ధ గ్రంథం కితాబ్ అల్ మనాజిర్, అంటే దృష్టి శాస్త్ర గ్రంథం, ఈ నిర్బంధ కాలంలోనే రూపుదిద్దుకుందని కొందరు పండితులు, ఆ తర్వాతి ఏళ్లలో పూర్తయిందని మరికొందరు భావిస్తారు. ఏమైనా ఏడు సంపుటాల ఆ గ్రంథం కైరో జీవితపు ఫలం. నాలుగు గోడల మధ్య గడిపిన మనిషి వెలుగు గురించి అంత లోతుగా ఆలోచించడం గమనించదగిన విషయం.

చూపు అంటే ఏమిటి?

ఆయనకు ముందు యూక్లిడ్, టాలెమీ వంటి గ్రీకు గణితజ్ఞులు కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని, అందుకే మనకు కనబడుతుందని నమ్మారు. గుడ్డివాడు చేతికర్రతో దారి తడిమినట్టు కన్ను తన కిరణాలతో లోకాన్ని తడుముతుందన్న మాట. ఇబ్న్ అల్ హైసమ్ దీన్ని ఒప్పుకోలేదు. ఎండను సూటిగా చూస్తే కళ్లు ఎందుకు నొప్పి పెడతాయి? బాగా వెలుగుతున్నదాన్ని చూసి కళ్లు మూసుకున్నా దాని మరక కాసేపు ఎందుకు కనబడుతుంది? బయటి నుంచి ఏదో కంట్లోకి వచ్చి పని చేస్తోంది కాబట్టే. వెలుగు పడిన ప్రతి వస్తువు, తనలోని ప్రతి బిందువు నుంచి అన్ని వైపులకూ వెలుగును పంపుతుంది. అది కంటిని చేరినప్పుడే చూపు కలుగుతుంది అని ఆయన నిరూపించారు.

వెలుగు సూటి గీతల్లో ప్రయాణిస్తుందని చూపడానికి చీకటి గదిని ఉపయోగించారు. గోడకు చిన్న రంధ్రం ఉన్న గదిలో, బయట వరుసగా దీపాలు పెడితే లోపలి గోడ మీద అన్నే వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపానికి చెయ్యి అడ్డుపెడితే దానికి చెందిన మచ్చ ఒక్కటే మాయమవుతుంది. మిగిలినవి చెదరవు. కిరణాలన్నీ ఒకే రంధ్రంలోంచి వచ్చినా ఒకదానితో ఒకటి కలిసిపోవన్న మాట.

సూర్యగ్రహణం మీద ఆయన విడిగా ఒక గ్రంథం రాశారు. గ్రహణ సమయంలో చిన్న రంధ్రంలోంచి వచ్చే ఎండ నెలవంక ఆకారంలో పడుతుంది. 2019 డిసెంబర్ 26 ఉదయం పాక్షిక గ్రహణం పట్టినప్పుడు మన జిల్లాల్లో చెట్ల కింద నేల నిండా పరుచుకున్న చిన్న చిన్న నెలవంకలను చూసినవారు ఉంటారు. మరి రాత్రి వేళ అసలు నెలవంక వెలుగు అదే రంధ్రంలోంచి వస్తే నెలవంకలా ఎందుకు పడదు? ఇబ్న్ అల్ హైసమ్ వేసుకున్న ప్రశ్న ఇది. రంధ్రం పరిమాణాన్ని బట్టి బొమ్మ స్పష్టత మారుతుందని లెక్క కట్టి సమాధానం చెప్పారు. కెమెరాలో రంధ్రాన్ని చిన్నది, పెద్దది చేసుకునే ప్రతి ఫొటోగ్రాఫర్ ఆ సమాధానాన్నే చేతులతో వాడుకుంటున్నాడు.

కెమెరాను కనిపెట్టింది ఇబ్న్ అల్ హైసమే అని కొందరు అభిమానంతో రాస్తుంటారు. అది సరికాదు. రంధ్రం గుండా బొమ్మ పడుతుందని ఆయనకు వందల ఏళ్ల ముందే చైనాలోనూ గ్రీసులోనూ గమనించారు. కొలిచి, పరీక్షించి, కారణం చెప్పడం ఆయన గొప్పతనం. లేని గొప్ప అంటగట్టనవసరం లేనంత గొప్ప ఆయనకు ఉంది.

కన్ను ఎక్కడ పొరబడుతుంది?

ఆ గ్రంథంలోని మూడవ సంపుటం పూర్తిగా కంటి పొరపాట్ల గురించే. వస్తువు మరీ దూరమైనా మరీ దగ్గరైనా, మరీ పక్కకు ఉన్నా, వెలుగు చాలకపోయినా ఎక్కువైనా, చూసే వ్యవధి చాలకపోయినా, కంటికి జబ్బు ఉన్నా పొరపాటు జరుగుతుందని ఆయన వివరించారు. ప్రతి పొరపాటుకూ కారణం ఉందన్నారు. కారణం ఉన్న పొరపాటును సరిదిద్దుకోవచ్చు. ఆయన శాస్త్రానికి ఇదే ప్రాణం.

చందమామ ఉదయిస్తున్నప్పుడు కొండ అంచున పెద్దగా, నడినెత్తికి వచ్చాక చిన్నగా ఎందుకు కనబడుతుందో కూడా ఆలోచించారు. చందమామ పరిమాణం మారలేదు. నేల మీది చెట్లు, ఇళ్లు మధ్యలో ఉన్నప్పుడు మనసు దాన్ని ఎక్కువ దూరంలో ఉందని లెక్కిస్తుంది, అందుకే పెద్దదనుకుంటుంది అన్నారు. అంటే చూడటంలో కన్ను ఒక్కటే కాదు, అంచనా వేసే మనసు కూడా పని చేస్తుంది.

ఏడవ సంపుటంలో ఆయన వక్రీభవనాన్ని తీసుకున్నారు. వెలుగు గాలి నుంచి నీటిలోకో గాజులోకో ఏటవాలుగా ప్రవేశించినప్పుడు దారి మళ్లుతుంది. దట్టమైన పదార్థంలోకి వెళితే లంబరేఖ వైపు వంగుతుంది, పలుచని పదార్థంలోకి వస్తే దూరంగా వంగుతుంది. దీన్ని కొలవడానికి కోణాల గుర్తులున్న ఇత్తడి పరికరాన్ని ఉపయోగించారు. గాజు గోళంలోంచి ఎండ ఎలా పోగవుతుందో, గోళం అంచుల్లోంచి వచ్చే కిరణాలు నడుమ కిరణాలు చేరే చోటికి ఎందుకు చేరవో మరో చిన్న గ్రంథంలో పరిశీలించారు. గుండ్రని గాజు మధ్యలో ఒకలా, అంచులో మరోలా ప్రవర్తిస్తుందని ఆయనకు స్పష్టంగా తెలుసు. ఫిష్‌ఐ లెన్సు పట్టేవారు మొదట తెలుసుకోవలసింది సరిగ్గా ఈ మాటే.

చివరి సంవత్సరాలు

నిర్బంధం తొలగిన తర్వాత ఇబ్న్ అల్ హైసమ్ కైరోలోని అల్ అజ్హర్ మస్జిద్ సమీపంలో నివసించారు. మళ్లీ ఏ దర్బారుకూ వెళ్లలేదు. ఏడాదికి ఒకసారి యూక్లిడ్, టాలెమీ వంటివారి గ్రంథాలకు చేతిరాత ప్రతులు తయారు చేసేవారు. వాటికి 150 దీనార్లు వచ్చేవి. ఆ డబ్బుతోనే ఏడాదంతా గడుపుకునేవారని ఇబ్న్ అల్ ఖిఫ్తీ రాశారు. మిగిలిన సమయమంతా బోధనకు, రచనకు పోయేది. ఆయన రచనల జాబితాల్లో తొంభైకి పైగా పేర్లు కనబడతాయి. టాలెమీ అంతటివాడి గ్రంథాల్లోని పరస్పర వైరుధ్యాలను చూపుతూ ఒక పుస్తకమే రాశారు. పెద్దల పేరు చూసి తల ఊపడం సత్యాన్వేషణ కాదని, చదివేవాడు ప్రతి మాటనూ నిలదీయాలని, ఆ పని చేసేటప్పుడు తన మీద కూడా ఒక అనుమానపు కన్ను వేసి ఉంచాలని అందులో హెచ్చరించారు. నైలు ఒడ్డున నేర్చుకున్న పాఠం ఆ హెచ్చరికలో వినిపిస్తుంది. 1040 ప్రాంతంలో కైరోలోనే కన్నుమూశారు.

కితాబ్ అల్ మనాజిర్ లాటిన్‌లోకి అనువాదమై ఐరోపా పండితుల చేతికి చేరింది. 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. కంటి వెనుక పొర మీద బొమ్మ తలకిందులుగా పడుతుందన్న సంగతి ఇబ్న్ అల్ హైసమ్‌కు అందలేదు. 1604లో కెప్లర్ దాన్ని వివరించారు. తూర్పున పర్షియాకు చెందిన కమాలుద్దీన్ అల్ ఫారిసీ ఆ గ్రంథానికి వ్యాఖ్య రాశారు. నీళ్లు నింపిన గాజు గోళాన్ని చీకటి గదిలో ఉంచి ఇంద్రధనుస్సు రహస్యాన్ని విప్పారు. 2015ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా జరిపినప్పుడు యునెస్కో ఇబ్న్ అల్ హైసమ్‌ను ప్రత్యేకంగా స్మరించింది.

బావి అడుగు నుంచి ఆకాశం

మన పల్లెల్లో మోట బావుల్లో ఈత నేర్చుకున్నవారికి ఒక అనుభవం ఉంటుంది. నీళ్లలో మునిగి పైకి చూస్తే నెత్తి మీద గుండ్రటి వెలుగు పళ్లెం కనబడుతుంది. ఆకాశం, బావి గట్టు, గట్టు మీద నిలబడ్డ స్నేహితులు అందరూ ఆ పళ్లెం అంచుల్లోకి వంగి ఇరుక్కుంటారు. పళ్లెం బయట అంతా చీకటి. కారణం వక్రీభవనమే. నీటి పైనున్న 180 డిగ్రీల ప్రపంచం నీటిలోకి వచ్చేసరికి సుమారు 97 డిగ్రీల్లోకి కుదించుకుపోతుంది. చేప చూసే లోకం అదే.

అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ వుడ్ ఈ దృశ్యాన్ని ఫొటో తీయాలనుకున్నారు. నీళ్లు నింపిన పాత్రతోనే కెమెరా తయారుచేశారు. 1906లో దాని గురించి వ్యాసం రాస్తూ చేప కంటి చూపు అనే పేరు వాడారు. ఫిష్‌ఐ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. 1924లో కేంబ్రిడ్జికి చెందిన రాబిన్ హిల్ నీటి బదులు గాజు కటకాలతో, మబ్బులు నిండిన ఆకాశమంతా ఒక్క బొమ్మలో పట్టే లెన్సును వివరించారు. 1962లో నికాన్ సంస్థ మామూలు 35 మిల్లీమీటర్ల కెమెరాకు బిగించుకునే ఫిష్‌ఐ లెన్సును తెచ్చింది. శాస్త్రజ్ఞుల పనిముట్టు అప్పటి నుంచి ఫొటోగ్రాఫర్ల చేతికి వచ్చింది.

కెమెరా పట్టేవారికి

ఫిష్‌ఐ లెన్సులు రెండు రకాలు. ఒకటి నల్లని చట్రం మధ్య గుండ్రటి బొమ్మ ఇస్తుంది. రెండవది చట్రం మొత్తం నింపి, మూల నుంచి మూలకు 180 డిగ్రీలు చూపిస్తుంది. పెళ్లిళ్లకు, ఊళ్ల దృశ్యాలకు రెండవది ఎక్కువ పనికొస్తుంది. నారింజ తొక్కను చిరగకుండా బల్ల మీద పరచలేం. అలాగే సగం గోళమంత దృశ్యాన్ని వంచకుండా చదునైన బొమ్మలో పెట్టలేం. కాబట్టి వంపు తప్పదు. దాన్ని ఎక్కడ పడనివ్వాలి, ఎక్కడ పడనివ్వకూడదు అన్నదే మన చేతిలో ఉంది.

మొదటి నియమం: బొమ్మ మధ్య బిందువు గుండా వెళ్లే గీత ఎటు వెళ్లినా నిటారుగానే ఉంటుంది. మధ్యకు దూరమయ్యేకొద్దీ గీతలు బయటికి ఉబుకుతాయి. నేల, ఆకాశం కలిసే గీతను సరిగ్గా నడుమ ఉంచితే అది చదునుగానే వస్తుంది. కెమెరాను కిందికి వంచితే ఆ గీత పైకి చేరి భూగోళంలా ఉబుకుతుంది. పైకి ఎత్తితే కిందికి చేరి గిన్నెలా కుంగుతుంది. చంద్రగిరి కోట ఫొటో తీసేటప్పుడు గోడ మధ్యలోంచి పోవాలా, అంచులోంచి పోవాలా అని ముందే నిర్ణయించుకుంటే బొమ్మ చెప్పిన మాట వింటుంది.

రెండవది: గుండ్రనివాటికి ఈ లెన్సు స్నేహితుడు. మస్జిద్ గుంబజ్ కింద సరిగ్గా నడిమధ్య నేల మీద కెమెరా పెట్టి నిటారుగా పైకి చూపితే గుంబజ్ అంచు వృత్తంగానే వస్తుంది. చుట్టూ ఉన్న స్తంభాలన్నీ మధ్యకు పరుగెత్తుకొచ్చినట్టు కనబడతాయి. జానెడు పక్కకు జరిగినా ఆ పొందిక చెడుతుంది. దిగుడు బావి, మర్రిచెట్టు కింద నీడ, తలకోన అడవిలో చెట్ల పైకప్పు కూడా ఇలాగే కుదురుతాయి.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది: దగ్గరకు వెళ్లాలి. దూరం నుంచి తీస్తే ఈ లెన్సు దేన్నయినా చీమంత చేసేస్తుంది. బొమ్మ నిండా ఖాళీ ఆకాశం, ఖాళీ నేల మిగులుతాయి. మూరెడు దూరంలో ఒక ముఖ్య వస్తువు ఉండాలి. దాని వెనుక మిగతా లోకం విచ్చుకోవాలి. బిర్యానీ డేగ్ అంచు ముందుంటే వెనుక వంటవాళ్లు, పందిరి, అతిథులు అందరూ కథలో భాగమవుతారు. దగ్గరిది, దూరపుది రెండూ స్పష్టంగా పడటం ఈ లెన్సులకున్న సుగుణం.

నాలుగవది: మనుషుల ముఖాలను అంచుల్లో ఉంచవద్దు. నడుమ ఉన్న దూల్హా, దుల్హన్ చక్కగా వస్తారు. మూలలో నిలబడ్డ దాదీ ముఖం సాగిపోతుంది. ఆల్బమ్‌లో ఏళ్ల తరబడి ఉండే బొమ్మలో పెద్దావిడను నవ్వులపాలు చేయడం తగదు. వరుసగా నిలబెట్టే గ్రూపు ఫొటోకు మామూలు లెన్సు వాడాలి. ఇరుకు గదిలో అందరూ చుట్టూ కూర్చున్న సందడికి ఫిష్‌ఐ తీయాలి. ఈద్‌గాహ్‌లో జనమంతా పడాలంటే నమాజు చేసేవారి ముందుకు దూరకుండా, ముందుగానే మేడ మీద చోటు చూసుకోవడం మర్యాద.

ఇక చిన్న జాగ్రత్తలు. సగం ప్రపంచం పడుతుంది కాబట్టి మీ చెప్పులు, మీ నీడ, స్టాండు కాళ్లు కూడా పడతాయి. సూర్యుడు ఎక్కడో ఒకచోట బొమ్మలోకి వస్తాడు. అతన్ని కొమ్మ చాటునో మినార్ చాటునో ఉంచితే గాజులో మెరుపు మరకలు తగ్గుతాయి. ఆకాశం వెలుగు ఎక్కువ, నేల వెలుగు తక్కువ కాబట్టి కెమెరా లెక్క తప్పవచ్చు, ఒకటి రెండు బొమ్మలు హెచ్చుతగ్గులుగా తీసుకోవాలి. ముందుకు ఉబికిన గాజుకు గీత పడటం తేలిక, మూత మరవకూడదు.

మరో విషయం కుటుంబాలు గమనించాలి. గది మూలన నిలబడి ఇలాంటి వెడల్పు లెన్సుతో తీసి, తర్వాత కంప్యూటర్‌లో వంపులు సాపు చేస్తే పది అడుగుల గది హాలులా కనబడుతుంది. గీతలు నిటారుగా ఉన్నంత మాత్రాన కొలత నిజం కాదు. సాపు చేసినప్పుడు అంచులు సాగుతాయి. ఫొటో చూసి ఇంటికి అడ్వాన్సు ఇచ్చేవారు, ఇబ్న్ అల్ హైసమ్ అస్వాన్‌కు వెళ్లినట్టు, ఒకసారి స్వయంగా వెళ్లి అడుగులు కొలుచుకోవడం మంచిది.

గాదంకి రాత్రులు

ఈ లెన్సును అందరికంటే నిజాయతీగా వాడిన చోటు మన తిరుపతికి దగ్గరలోనే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో, పాకాల సమీపాన గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ ఉంది. 1024 యాంటెన్నాలతో అక్కడ నెలకొల్పిన పెద్ద రాడార్ గురించి చాలామంది విని ఉంటారు. అదే ప్రాంగణం నుంచి ఫిష్‌ఐ లెన్సు బిగించిన ఒక కెమెరా రాత్రి ఆకాశాన్ని ఫొటోలు తీసింది. దాని తొలి ఫలితాలు 2013లో ప్రచురితమయ్యాయి.

అది తీసేది నక్షత్రాలను కాదు. చందమామ లేని, మబ్బు లేని రాత్రి కూడా ఆకాశం పూర్తిగా నల్లగా ఉండదు. పగలు ఎండ నుంచి పొందిన శక్తిని పై వాతావరణంలోని వాయువులు రాత్రి సన్నని వెలుగుగా వదులుతాయి. ఆక్సిజన్ ఇచ్చే ఆకుపచ్చ వెలుగు దాదాపు 97 కిలోమీటర్ల ఎత్తున, ఎర్రని వెలుగు దాదాపు 250 కిలోమీటర్ల ఎత్తున పుడతాయి. ఆ వెలుగులో అలలు కదులుతాయి, ఒక్కోసారి చీకటి చారలు ఏర్పడతాయి. ఆ చారలు ఉపగ్రహాల నుంచి వచ్చే రేడియో సంకేతాలకు ఆటంకం కలిగించే బుడగల జాడలు. ఎంత మేర వ్యాపించాయో, ఎటు కదులుతున్నాయో తెలియాలంటే విశాలమైన ఆకాశాన్ని ఒకేసారి చూడాలి. అందుకే ఫిష్‌ఐ.

అయితే అక్కడి శాస్త్రవేత్తలు లెన్సు ఇచ్చిన బొమ్మను ఉన్నదున్నట్టు నమ్మలేదు. అంచుల్లో వంపు లెక్క చెడగొడుతుంది కాబట్టి నడుమనున్న సుమారు 90 డిగ్రీల ఆకాశాన్నే పరిశీలనకు తీసుకున్నారు. నెత్తి మీది బిందువు నుంచి ఎంత దూరంలో పడిన చుక్క ఎన్ని డిగ్రీల వాలులో ఉన్నట్టో లెక్కించి, వంపు సరిచేసి, ఆ తర్వాతే అలల పొడవు కొలుస్తారు. కాగితం మీద పొట్టిగా కనబడే చార ఆకాశంలో వందల కిలోమీటర్లు ఉండవచ్చు.

ఇక్కడ ఒక చిన్న సవరణ కూడా చెప్పుకోవాలి. సంధ్యాకాంతిని బట్టి వాతావరణం ఎత్తును లెక్కగట్టిన ఒక గ్రంథం చాలాకాలం ఇబ్న్ అల్ హైసమ్ పేరున చెలామణీ అయింది. అది నిజానికి అండలూసియాకు చెందిన ఇబ్న్ ముఆజ్ రచన అని 1967లో చరిత్రకారుడు ఎ.ఐ. సబ్రా తేల్చారు. తన తప్పును ఖలీఫా ఎదుటే ఒప్పుకున్న మనిషి, తనది కాని కీర్తిని మనం ఆయనకు కట్టబెట్టడాన్ని ఇష్టపడరు.

మళ్లీ తలుపు దగ్గరికి వద్దాం. గాజు కన్నులో ముక్కు పెద్దదిగా కనిపించిన మామూను మనం తప్పుగా గుర్తుపట్టకపోవడానికి కారణం ఆయనను దగ్గరగా ఎరిగి ఉండటం. ఇబ్న్ అల్ హైసమ్ నైలును దూరం నుంచి లెక్కించి పొరబడ్డారు, దగ్గరకు వెళ్లి దిద్దుకున్నారు, ఆ దిద్దుబాటుకు పదేళ్ల స్వేచ్ఛను చెల్లించారు. ఆ తర్వాత మిగిలిన జీవితమంతా కన్ను ఎక్కడ పొరబడుతుందో, ఎందుకు పొరబడుతుందో లోకానికి చెబుతూ గడిపారు. ఈసారి మీ ఇంటి కుర్రవాడు ఫిష్‌ఐ లెన్సుతో మస్జిద్ గుంబజ్ కింద నేల మీద పడుకుని ఫొటో తీస్తుంటే వెర్రి అనుకోకండి. నడిమధ్య బిందువు దొరికిందా అని మాత్రం అడగండి.